తాగనివాడి తూలుడు

నేను జన్మలో కల్లు నోట పెట్టలేదు. సారా వాసన తగిలితే ముక్కు మూసుకుని ఆమడ దూరం జరిగినవాణ్ణి. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే మా మామ దినాలకు పోయి అక్కడ నేను తాగి తూలి పడ్డానని చెప్పుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. సగం చూసి, సగం విని పోయినవాళ్ళు. తూలిన మాట నిజం. పడ్డ మాటా నిజం. తాగిన మాట ఒక్కటే అబద్ధం. మరి తాగనివాడు ఎందుకు తూలాడయ్యా అంటే, ఆ జవాబు నాకు తాగుడు కంటే సిగ్గుచేటుగా తోచింది. అందుకే ఆ కథంతా మొదటి నుంచి చివరి దాకా ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే సిగ్గు పోయిందని కాదు. సిగ్గుతోనే రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక గల్లీలో నాకు పిండి గిర్ని ఉండేది. ఒక రాయి గోధుమలకు, జొన్నలకు. ఇంకో రాయి మిరపకాయలకు, పసుపుకు. బడికి పోయింది చాలా తక్కువ. నాకు అక్షరాలు నేర్పింది గిర్నియే. పిండి సంచుల మీద పేర్లు రాసుకోవాలి కదా, అక్కడ మొదలుపెట్టాను. తర్వాత పాత పేపర్లు ముందేసుకుని కూడబలుక్కుంటూ, చివరికి సంపాదకీయాల్లో తప్పులు పట్టే దాకా పోయాను. జ్ఞాపకం కూడా గట్టిది. ఏ మడి ఎవరి తాతది, ఏ బాయిలో ఎవరి వంతు ఎంత, పెద్ద చెరువు ఏ ఏడు అలుగు దుంకింది, అన్నీ నోటి మీదే ఉండేవి. భూములు ప్లాట్లవుతున్న కాలంలో హద్దులు తెలియక కొట్లాడుకునేవాళ్ళు గిర్ని ముందుకు వచ్చి నన్నే అడిగేవారు. నేను చెప్పింది చెల్లేది.

తాగుడంటే నా కోపానికి కారణం ఉంది. మా బాపు సారాకు పోయాడు. చివరి రోజుల్లో ఆయన్ని మా అమ్మ కూడా గడప లోపలికి రానిచ్చేది కాదు. వాకిట్లో నిలబడి "నేను తాగలేదే, జర తలుపు తియ్యే" అంటుండేవాడు. ఆ గొంతులోనే తెలిసిపోయేది తాగాడని. అది విని పెరిగినవాణ్ణి కాబట్టి, తాగి వచ్చిన మనిషిని గిర్ని మెట్టు ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. "నోరు కట్టుకోనోడు మనిషే కాదు" అనేది నా మాట. ఆ మాట ఎంతమంది మొహాన కొట్టానో లెక్క లేదు.

అందరికంటే గట్టిగా తగిలింది మా బామ్మర్దికి, అంటే నా భార్య తమ్ముడికి. వాళ్ళింట్లో ఒక పెళ్ళి ముచ్చట జరుగుతోంది. చాప మీద నా పక్కనే కూచున్నాడు, కల్లు వాసన కొట్టింది. వచ్చిన చుట్టాలందరి ముందు లేపేశాను. "లే. నోరు కట్టుకోనోడు మనిషే కాదు, ఇంక పెద్దమనిషెట్లైతవ్?" అన్నాను. అతను లేచిపోయి బర్రెల కొట్టం దగ్గర కూచున్నాడు. అందరూ తలలు వంచుకున్నారు. నాకు మాత్రం ధర్మం నిలబెట్టినట్టు అనిపించింది.

మరి నా నోరు నేను కట్టుకున్నానా?

ఆ ఏళ్ళలో మా రోడ్డు రూపమే మారిపోయింది. ఆదిభట్ల వైపు కంపెనీ బస్సులు తిరగడం మొదలైంది. సాగర్ రోడ్డు పొడుగునా బేకరీలు, బిర్యానీ సెంటర్లు, మిర్చీ బజ్జీల బండ్లు. పొలం అమ్మినవాడు దావత్ చేసేవాడు, ప్లాటు కొన్నవాడు దావత్ చేసేవాడు, స్లాబు వేసినవాడు దావత్ చేసేవాడు. హద్దులు చెప్పిన మనిషినని అన్నిటికీ నన్ను పిలిచేవారు. గ్లాసు ముట్టను గనక ప్లేటు మీద పడేవాణ్ణి. ముక్కలు, మూలుగ బొక్కలు, మళ్ళీ ముక్కలు. తాగుడు లేనివాడికి ఈమాత్రం హక్కు లేదా అని నా కేసులో నేనే తీర్పు చెప్పుకున్నాను. ఊళ్ళోకి ప్యాకెట్ల పిండి వచ్చి గిర్నికి జనం తగ్గారు. కూచోవడం ఎక్కువైంది, తినడం అంతకంటే ఎక్కువైంది. ఒకనాడు ప్లాస్టిక్ కుర్చీ నా కింద నాలుగు కాళ్ళూ చాపేసింది. మిరపకాయలు పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మర్నాడే ఇనుప కుర్చీ తెచ్చుకున్నాను. తిండి మాత్రం తగ్గించలేదు.

షుగరు వచ్చింది. మోకాళ్ళు పోయాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. నగరంలో ఉద్యోగం చేసే కూతురు తన ఇన్సూరెన్సులో నా పేరు రాయించి పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. బరువు తగ్గడానికి ఆపరేషను ఉందన్నారు. కడుపును నిలువునా కోసి చాలా భాగం తీసేస్తారట, అరటిపండంత గొట్టం మిగులుస్తారట. షుగరు కూడా దారికి వస్తుందన్నారు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్న ఘడియ నుంచే సిగ్గు మొదలైంది. ఊరందరికీ నోరు కట్టుకొమ్మని చెప్పిన మనిషి, తన నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నాడు. ఈ మాట బయట పడితే నేను మళ్ళీ ఎవరి మొహం చూసి ఏం అనగలను? ముఖ్యంగా బామ్మర్ది మొహం చూసి?

అందుకే దవాఖానకు బయలుదేరే ముందు నా భార్య చెయ్యి తీసి నా తల మీద పెట్టుకున్నాను.

"పిత్తంల రాళ్ళు తీసిన్రని చెప్పు అందరికి. అసలు ముచ్చట ఎవ్వరికన్న చెప్తివా, నా మీద ఒట్టే."

"గిదేం ఒట్టయ్యా! ఆపరేషన్‌కు పోతా పోతా తల మీద ఒట్టు పెట్టిచ్చుకుంటరా ఎవలన్న?"

"పెట్టు."

పెట్టింది. తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ తల ఎవరిదో వాళ్ళకే కీడు అంటారు మా దిక్కు. ఆమె నమ్ముతుంది. పేపర్లు చదివినవాణ్ణి, నేను నమ్మను. నమ్మనివాణ్ణి, ఆమె నమ్మకాన్ని తాళం కప్పలాగ వాడుకున్నాను. ఇంటికి వచ్చిపోయే కూతురి నోరూ అట్లాగే మూయించాను, అత్తింట్లో చెప్పొద్దని, మేనమామకు అసలే చెప్పొద్దని.

ఆపరేషను బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరు కూచోబెట్టి చెప్పాడు. కొన్నాళ్ళు నీళ్ళలాంటివే తాగాలి, తర్వాత మెత్తటివి, ఆ తర్వాతే మామూలు తిండి, అది కూడా గుప్పెడు, నమిలి నమిలి. విటమిన్ మాత్రలు రోజూ వేసుకోవాలి, ఎప్పటికీ మానకూడదు. "వాంతులు ఆగకపోయినా, కాళ్ళు తిమ్మిరెక్కినా, చూపు తేడాగా ఉన్నా, నడక తప్పినా ఆలోచించొద్దు, వెంటనే రండి" అన్నాడు. నేను తల ఊపాను. నా మనసు అప్పుడు వేరే దాని మీద ఉంది. ఊళ్ళోకి ఎట్లా అడుగు పెట్టాలి, రాళ్ళు ఎన్ని తీశారని అడిగితే ఏం చెప్పాలి, అదీ నా ధ్యాస.

మొదట్లో అంతా సంబరమే. చొక్కాలు వదులయ్యాయి. గిర్ని ముందు నుంచి పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఇనుప కుర్చీలో పక్కన ఇంకో మనిషి పట్టేంత జాగా మిగిలింది. కష్టమల్లా నలుగురిలో కూచుని తినవలసి వచ్చినప్పుడే. మా దగ్గర వడ్డించేవాళ్ళు చెయ్యి అడ్డం పెడితే ఆగుతారా? "గింతే తింటవా, మా ఇంట్ల ఏం తక్కువైంది" అంటారు. వద్దనడానికి కారణం చెప్పాలి. రాళ్ళ ఆపరేషను అయినవాడు కొన్నాళ్ళకు అన్నీ తింటాడని అందరికీ తెలుసు. అసలు కారణం చెప్పలేను. అందుకని తినేవాణ్ణి. జొన్నరొట్టె ముక్క గొంతు దిగీ దిగకముందే ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు ఆగేది. నవ్వుకుంటూ లేచి, చేతులు కడుక్కునే నెపంతో గోడ వెనక్కి పోయి కక్కుకుని, మూతి తుడుచుకుని వచ్చేవాణ్ణి.

తర్వాత్తర్వాత నలుగురూ లేకపోయినా వాంతి అయ్యేది. పలచటి అంబలి కూడా నిలిచేది కాదు. మాత్రలూ బయటికే వచ్చేవి. ఆ మాత్రల డబ్బాను తౌడు డబ్బాలో దాచేవాణ్ణి, ఎవరైనా చూసి ఎందుకని అడుగుతారని. దాచడం ఎక్కువై వేసుకోవడం తక్కువైంది, చివరికి మానేశాను. దవాఖాన నుంచి ఫోన్ చేసి రమ్మంటే బాగానే ఉన్నానన్నాను. కూతురు ఫోన్ చేస్తే మంచిగున్న బిడ్డా అన్నాను.

నా భార్య చూస్తూనే ఉంది. ఒకనాడు పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి నా ముందు నిలబడింది.

"కక్కుడు ఎక్కువైంది. పోదాం దవాఖానకు. లేకుంటె నా తమ్మునికన్న చెప్త, ఆడే తోల్కపోతడు."

"వానికి చెప్తవా? చెప్పు. నేను సస్త, నీ చేతి మీదికెల్లే పోత."

"గట్లనకు. ఒట్టు తీసెయ్యయ్యా. నువ్వేసినవ్, నువ్వే తియ్యాలె."

తియ్యలేదు. ఇప్పుడు కూచుని రాస్తుంటే ఆ పొయ్యి సెగ మొహానికి తగిలినట్టే ఉంటుంది.

అరికాళ్ళకు గోనెసంచి చుట్టినట్టుగా ఉండేది. ఒకనాడు గిర్ని నుంచి చాయ్ హోటలు దాకా పోయాక, బెంచీ మీద కూచున్న ముసలాయన నా కాళ్ళు చూసి "చెప్పు ఒక్కటే ఉన్నదేందే? ఇంకోటి ఎవల్కి దానం చేసినవ్?" అన్నాడు. చెప్పు గల్లీ మధ్యలో ఊడిపోయింది, నాకు తెలియనే లేదు. షుగరు వల్ల అనుకున్నాను. డాక్టరు చెప్పిన మాట మనసులో ఒక మూల కదిలింది, దాన్ని అక్కడే తొక్కిపెట్టాను.

నీరసానికి మా దగ్గర ఒకటే మందు: గ్లూకోజు సీసా. బలం లేదంటే చాలు, చెయ్యి చాపి పడుకుంటారు. నేనూ మా బజారులోని ఆర్.ఎం.పీ. దగ్గరికి పోయి చెయ్యి చాపాను. పాపం అతను అడగకుండా సూది గుచ్చలేదు.

"ఈ నడుమ ఏమన్న ఆపరేషన్ అయిందా కాకా?"

"పిత్తంల రాళ్ళు తీసిన్రు. గంతే."

అతనికి నేను చెప్పింది అది. కాబట్టి తర్వాత జరిగినదానికి అతన్ని ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. సీసా ఎక్కింది. బలం వస్తుందనుకున్నాను. మర్నాటి నుంచి చూపు చెదిరింది. గిర్ని మోటారు పట్టా ఒకటి రెండుగా కనిపించింది. సంచి మీద నేను రాసిన పేరు కింద అదే పేరు ఇంకోటి తేలేది. నిలబడితే నేల పడవలా పక్కకు ఒరిగేది.

గిర్ని నడిపేవాడికి ఒక నియమం ఉంటుంది. మిరపకాయలు పట్టిన రాయి జోలికి గోధుమలు పోకూడదు. నేను ఒకరి గోధుమలు తీసి మిరపకాయల రాయిలో పోశాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని. ఆ ఇంటివాళ్ళు రొట్టెలు చేసుకుని ఒక్క ముద్దకే నోళ్ళు మంటలెత్తి, మిగిలిన పిండి తెచ్చి నా ముందు కుమ్మరించారు. నేను ఆ పిండి నాది కాదని వాదించాను. వాళ్ళు గోధుమలు తేనే లేదన్నాను. ఎంతో నమ్మకంగా అన్నానట. వాళ్ళు పోతూ పోతూ అనుకున్న మాట నా భార్య చెవిన పడింది.

"పొద్దుగాల్నే ఏసినట్టున్నడు."

"ఈయనా? ఈయన తాగడు గదనే?"

"అడుగులు చూడరాదు! గివ్వి తాగనోని అడుగులేనా?"

ఇంతలో మా మామ పోయాడు. అత్తగారి ఊరు కొంగరకలాన్ అవతల. దినాలకు చుట్టాలందరినీ పిలిచి పెట్టే భోజనంలో అల్లుణ్ణి ముందు వరసలో కూచోబెట్టాలి, ముందు అతని విస్తరిలో వడ్డించాలి. అల్లుడు తినడం అందరూ చూస్తారు. అన్నానికి ముందు పోయినవాళ్ళ పేరు మీద కల్లు పంచుతారు. తాగనివాణ్ణి గనక నేను ఎప్పుడూ వేలు ముంచి నేల మీద చిలకరించి ఊరుకునేవాణ్ణి. నా భార్య ముందే అక్కడికి పోయి ఉంది. నేను ఆటోలో పోయాను. అంతవరకే నాకు గుర్తుంది. ఆటో దిగడం కూడా గుర్తు లేదు. ఇక్కడి నుంచి కొంత నా భార్య చెప్పింది, కొంత బామ్మర్ది చెప్పింది. ఊరి హద్దులన్నీ నోట పట్టినవాడి జ్ఞాపకంలో ఇప్పటికీ ఇంత పెద్ద బొక్క ఉంది.

షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డానట. కాళ్ళు ఎడంగా పెట్టి, దున్నిన చేనులో నడిచినట్టు వచ్చానట. బామ్మర్ది ఎదురొచ్చాడు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నవాడే, అయినా నా వాలకం చూసి కళ్ళు పెద్దవి చేశాడట.

"ఏం బావా, బస్టాండ్‌కాడ్నే ఏసుకొస్తివా? మా ఊరి కల్లు నీకు ఆనదా?"

"నేను తాగలే," అన్నానట. నాలుక మందంగా తిరిగిందట.

"తాగినోడు ఎన్నడన్న తాగిన అంటడా బావా? నేనెన్నడన్న అన్ననా?"

పందిరంతా ఘొల్లున నవ్వింది. నన్ను తెచ్చి ముందు వరసలో కూచోబెట్టారు. ముంత నా ముందు పెట్టారు. వేలు ముంచబోయి ముంత పక్కన నేల మీద పొడిచాను. మళ్ళీ పొడిచాను. మూడోసారి ముంతే దొర్లిపోయింది.

"అగో, బావకు రెండు ముంతలు కనవడుతున్నయ్. ఒకటి ఆయినది, ఒకటి మా నాయినది," అన్నాడు బామ్మర్ది. ఆ తర్వాత వంగి నా మొహంలో మొహం పెట్టి, మెల్లగానే అయినా అందరికీ వినపడేటట్టు అన్నాడు: "ఆనాడు ఏమంటివి బావా? నోరు కట్టుకోనోడు ఏందంటివి? జర యాది చేస్కో."

ఆ మాటకు లేవబోయానట. కొట్టడానికో, పోవడానికో తెలియదు. లేచినవాణ్ణి లేచినట్టే విస్తర్ల మీద పడ్డాను. కొందరు ఛీ అంటూ లేచారు. చావు అన్నం తొక్కిండని ఒకాయన తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నేను తాగి పడ్డానని ఇప్పటికీ చెప్పేవాళ్ళు ఆ గుంపే.

నా భార్య ఆడవాళ్ళ వైపు నుంచి ఉరికి వచ్చింది. కింద కూచుని నా తల ఒళ్ళో పెట్టుకుంది. తమ్ముడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నవ్వకురా తమ్మీ! ఆయిన తాగలే."

"నువ్వు ఎనకేసుకురాకే అక్కా. కండ్లు చూడు, ఎట్ల తిరుగుతున్నయో."

ఆమె అప్పుడు తన చెయ్యి నా తల మీద పెట్టి, ఏదో పురుగును తీసినట్టు తీసి, పక్కకు విదిల్చిందట. "నీ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్న. ఏమన్నయితె నాకే కానీ," అంది. పందిరిలో ఉన్న అందరినీ చూస్తూ అరిచింది.

"రాళ్ళు కాదురా! బరువు తగ్గనీకె ఆయినకు కడుపు కోసిన్రు! అప్పటిసంది తిన్నదంత కక్కుతనే ఉన్నడు. నీళ్ళు నిలుస్తలేవ్. గ్లూకోస్ ఎక్కిచ్చుకున్నకాంచి ఇట్లనే తూలుతున్నడు. సచ్చిపోతడురా తమ్మీ!"

నా భార్య చిన్నమ్మ, పెద్దామె, చెవిటిది, పక్కామెను అడిగి విషయం తెలుసుకుని గట్టిగా అంది: "కడుపు కోసుకునుడేందే? తిండి ఎక్కువైతె తినుడు తక్కువ చెయ్యాలె గని!"

నేను ఏ మాటకు భయపడి ఇన్నాళ్ళూ కక్కుకుంటూ తిరిగానో, అచ్చంగా ఆ మాటే. అది నేను వినలేదు. వినకపోవడం నా అదృష్టమని నా భార్య అంటుంది. నేనట్లా అనుకోను. విన్నంతగా వినపడుతూనే ఉంది.

బామ్మర్ది మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదట. పందిరిలో ప్లాట్లు అమ్మేవాడు ఒకడు కారు తెచ్చుకున్నాడు. అతన్ని అన్నం మీది నుంచి లేపి, స్టీరింగు ముందు కూచోబెట్టి, తను వెనక సీట్లో నన్ను పట్టుకుని కూచున్నాడు. తండ్రి దినాల భోజనం వదిలేసి వచ్చాడు. దారి పొడుగునా అక్కను తిడుతూనే ఉన్నాడు.

"ఇన్నొద్దులు నోరు మూసుకుని కూసుంటివా? నాకొక్కనికన్న చెప్పొద్దానే?"

"తల మీద ఒట్టు పెట్టిచ్చుకున్నడురా."

"ఈయిన తలకాయ మీద ఒట్టా! గా తలకాయల అకల్ ఉంటే గదనే ఒట్టుకు ఇలువ!"

హయత్‌నగర్ దాటి ఆ పెద్ద దవాఖానకే తీసుకుపోయారు. అక్కడ ముందు చూసినవాడు కుర్ర డాక్టరు, నా ఆపరేషను సంగతి తెలియనివాడు. నన్ను నిలబెట్టి చూశాడు, కళ్ళలోకి లైటు కొట్టాడు, వేలు కదిపి చూడమన్నాడు. నా కనుగుడ్లు నడిచే మోటారు మీద పెట్టిన గోళీల్లా వణుకుతున్నాయట. ఆయన మొదటి ప్రశ్న ఇది: "రోజూ ఎంత తాగుతాడు? ఎన్నేళ్ళ నుంచి?"

నా భార్య ఏడుపు అందుకుంది. బామ్మర్దే ముందుకు జరిగాడు.

"సార్, తాగెటోన్ని నేను. నన్ను రాసుకోన్రి ఎంతన్న. ఆయిన సుక్క ముట్టడు. ఆయినకు మీ దవాఖాన్లనే కడుపు కోసిన్రు."

ఆ ఒక్క మాటతో అందరూ పరుగులు పెట్టారట. నా ఆపరేషను చేసిన డాక్టరు వచ్చాడు. ముందు ఒక విటమిను సూది ద్వారా ఎక్కించారు, ఆ తర్వాతే మిగిలిన సీసాలు. తర్వాత ఆయన వీళ్ళిద్దరికీ విడమరిచి చెప్పాడు. బి1 అని ఒక విటమిను ఉంటుంది. ఒంట్లో దాని నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. వాంతులతో తిండి లోపలికి పోలేదు, మాత్రలు మానేశాడు, నిల్వ అడుగంటింది. మిగిలిన కాస్తా గ్లూకోజు ఎక్కినప్పుడు అరిగిపోయింది. అది లేకపోతే మెదడు దెబ్బతింటుంది. చూపు రెండవుతుంది, నడక తప్పుతుంది, మతి పోతుంది. తిండి మానేసి తాగేవాళ్ళకు ఎక్కువగా వచ్చే జబ్బు ఇదేనట. ఇంకా ఆలస్యం అయితే మనిషి దక్కేవాడు కాదన్నాడు. వాంతులకు కారణం కూడా తర్వాత దొరికింది. మిగిల్చిన గొట్టంలో ఒకచోట ఇరుకు ఏర్పడింది. నోట్లోంచి గొట్టం వేసి దాన్ని వెడల్పు చేశారు. వాంతులు మొదలైన వారమే వచ్చి ఉంటే ఆ పనితోనే పోయేది.

కళ్ళు తొందరగానే కుదుటపడ్డాయి. మతి మాత్రం కొన్నాళ్ళు నా దగ్గర లేదు. ఆ రోజుల్లో నేను ఊరుకోలేదట. జ్ఞాపకంలో ఖాళీ ఉన్నచోటల్లా ఏదో ఒకటి కల్పించి చెప్పేవాణ్ణట. పిండి లోడు దింపడానికి వచ్చానని ఒకసారి. ఈ దవాఖాన ఉన్న భూమి హద్దులు నేనే చూపించానని ఒకసారి. ఒక మధ్యాహ్నం నర్సమ్మ చెయ్యి పట్టుకుని బతిమాలానట: "సిస్టర్, మా బాపు గేటు కాడ నిలవడ్డడు. ఆయిన తాగలే. జర లోపలికి రానియ్యున్రి."

నా భార్య ఈ సంగతి నాకు చాలా రోజులు చెప్పలేదు. చెప్పిన రోజు నేను గిర్నిలోకి పోయి, పట్టడానికి ఏమీ లేకపోయినా మోటారు వేసుకుని కూచున్నాను. తాగలేదని చెప్పుకునే మనిషిని నమ్మకుండా తలుపు వేసెయ్యడం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తలుపు బయట నిలబడటం ఎట్లా ఉంటుందో అప్పటికి గాని తెలియలేదు. మా బాపు నిజంగానే తాగేవాడు, అది వేరే సంగతి. కానీ అన్ని రోజులూ తాగే ఉన్నాడా? ఒక్కరోజన్నా ఆయన కాళ్ళు వేరే దేనివల్లనైనా తూలాయా? అడగడానికి ఎవరూ లేరు.

నడక పూర్తిగా రాలేదు. కర్ర పట్టుకుంటాను, మలుపు దగ్గర పక్కకు ఒరుగుతాను. కొత్త కాలనీల్లో దిగినవాళ్ళు నన్ను ఎరగరు. ఎదురొస్తే పిల్లల్ని రోడ్డు అవతలికి లాక్కుంటారు. మొదట్లో ఆగి తిట్టేవాణ్ణి. మనిషిని చూసి మాట్లాడాలె అని. వాళ్ళేం చూశారు మరి? నేను జన్మంతా ఏం చూశానో అదే చూశారు: అడుగులు. ఇప్పుడు నాకు కోపం వచ్చేది వేరేవాళ్ళ మీద. మా రోడ్డు మీద ఈ ఆపరేషన్ల బోర్డులు పుట్టగొడుగుల్లా లేచాయి. చేయించుకున్నవాళ్ళు ఒక్కరు నోరు విప్పరు. హెర్నియా అంటారు, గడ్డ అంటారు. చేయించుకోండి, తప్పేం లేదు, నా షుగరు నిజంగానే దిగింది. కానీ కక్కుడు ఆగకపోతే, అరికాళ్ళు మొద్దుబారితే, చెప్పు ఊడినా తెలియకపోతే, కడుపు కోసిన డాక్టరు ముందుకే పోండి. ఎవరు సూది పట్టుకున్నా ముందు ఆపరేషను సంగతి చెప్పండి. మీ పరువు మీ ప్రాణం కంటే పెద్దది కాదు. ఇంతకంటే నాజూకుగా చెప్పడం నాకు రాదు.

మామ సంవత్సరీకానికి మళ్ళీ ఆ ఊరు పోయాను. అదే పందిరి, అదే వరస, ముందు అల్లుడి విస్తరి. ముంతలు పంచుకుంటూ వచ్చిన బామ్మర్ది నా ముందు ఆగాడు.

"నీకొద్దు తీ బావా. తాగకుంటనే తూలుతవ్. తాగితె సక్కగ నడుస్తవేమో, అదో ఫికర్ మాకు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా. వేలు ముంచాను. ఈసారి ముంత ఉన్నచోటే ఉంది.

అన్నం వచ్చింది. బామ్మర్ది భార్య గంటె పట్టుకుని వచ్చి నా విస్తరి చూసి బుగ్గలు నొక్కుకుంది. సంగతి తెలిసిన మనిషే, గంటె చేతిలో ఉంటే నోరు ఊరుకోదు. వరసలో దూరం నుంచి వచ్చిన చుట్టాలు ఉన్నారు, పోయిన ఏడు రానివాళ్ళు, ఏమీ తెలియనివాళ్ళు.

"ఏందన్నా, అల్లునోళ్ళు గింతే తింటరా? మా వంట మంచిగ లేదా? ఇంకింత వెయ్యనియ్యి."

పాత అలవాటు కొద్దీ నా చెయ్యి పక్కకు జరగబోయింది. వేస్తే తినాలి, తింటే లేచి గోడ వెనక్కి పోవాలి. ఎదురుగా ఆడవాళ్ళ వరసలో నా భార్య ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూస్తోంది. ఆమె నోరు తెరవలేదు. పోయినసారి తెరిచింది, ఈసారి నా వంతని ఆమె చూపులో ఉంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు చెల్లె. నోరు కట్టుకోలేక కడుపు కోపిచ్చుకున్నోన్ని. గింతకంటె పట్టది."

వరసంతా వినపడింది. పరాయి ఊరి చుట్టం ఒకడు నమలడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. నా చెవులు మిరపకాయల రాయి పక్కన కూచున్నట్టు మండాయి. చెప్పేస్తే తేలికవుతుందని ఎవరో అంటారు గాని, ఏమీ తేలిక కాలేదు.

బామ్మర్ది తల ఎత్తలేదు. బొక్క విరుచుకుంటూ భార్యతో అన్నాడు: "ఇనవడ్డదా? ముందటికి నడువు."

గంటె పక్క విస్తరి మీదికి పోయింది. నేను నా ముందున్న గుప్పెడు మెతుకులు ఒక్కొక్కటే నములుతూ, అందరూ తిని లేచేదాకా అక్కడే కూచున్నాను.